‘నెగటివ్’ అంటే దేనికి నెగటివ్? కర్నూలు ల్యాబులో ఒక కేసు

నేను పదహారేళ్లుగా కర్నూలులో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రిపోర్టుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు నేను టైపు చేసిన మాట ‘నెగటివ్’. ఆ మాట కాగితం అందుకున్న మనిషి చెవిలో ఎలా మోగుతుందో సరిగ్గా తెలిసొచ్చింది మాత్రం ఈ ఒక్క కేసుతోనే. అందుకే మొదటి నుంచి చివరి దాకా, నా వల్ల జరిగిన పొరపాటుతో సహా రాసిపెడుతున్నాను. గర్భిణుల చేతికి రిపోర్టులు ఇచ్చే టెక్నీషియన్లు, ఏఎన్‌ఎమ్‌లు, ఆశా కార్యకర్తలు చదివితే పనికొస్తుందని నా ఆశ. ఆ కుటుంబానికి చెప్పే రాస్తున్నాను. పేర్లు, ఊరు మాత్రం రాయడం లేదు.

వాళ్లది ఆలూరు వైపు ఒక పల్లె. వాన పడితే సేద్యం, పడకపోతే సుగ్గి, అంటే కూలికి వలస. చేతిలో పని అయిపోగానే గుంటూరు వైపు మిరపకాయల కోతకు ఇళ్లకు ఇళ్లు తాళాలు వేసుకుని పోతారు. అమ్మాయికి ఇరవై రెండేళ్లు. రెండేళ్ల కిందట అలా సుగ్గికి పోయినప్పుడే మూడో నెలలో ఆమెకు కడుపు పోయింది. అక్కడే ఒక చిన్న క్లినిక్కులో శుభ్రం చేయించుకుని, మూడో రోజు మళ్లీ చేనులోకి దిగింది. అప్పుడు ఆమె రక్తం గ్రూపు ఎవరూ చూడలేదు. ఈ కేసులో ఇది చాలా ముఖ్యమైన సంగతి. మొదటి రోజు నాకది తెలియదు, నేను అడగనూ లేదు.

ఇది రెండో గర్భం. పందొమ్మిదో వారంలో డాక్టరమ్మ పరీక్షలు రాసి మా ల్యాబుకు పంపారు. అత్త, కోడలు, కొడుకు ముగ్గురూ పొద్దున బస్సుకు వచ్చి రక్తం ఇచ్చారు, సాయంత్రం నాలుగింటికి రిపోర్టు తీసుకున్నారు. పది నిమిషాలు కూడా కాలేదు, అత్తమ్మ మళ్లీ కౌంటర్ దగ్గర నిలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

“ఏమ్మా, మా కోడలికి ఏమైంది? మూడు తావుల నెగటివ్ అని వచ్చినాదంట. మావోడు సదివి చెప్పినాడు. ఈ కడుపు గూడా నిలబడదా?”

కొడుకు వెనకాల నిలబడ్డాడు. ఇంటర్ దాకా చదివినవాడు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. గొంతు తగ్గించి అడిగాడు: “మేడమ్, నెగటివ్ ఎనర్జీ అంటారు కదా. అట్లాంటిది ఏమన్నా రక్తంలో ఉందా?”

అమ్మాయి బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె కూడా నోరు తెరవలేదు.

ఆ రోజు కాగితంలో ఏముంది

బ్లడ్ గ్రూపు ఎ, ఆర్‌హెచ్ నెగటివ్. ఐసీటీ నెగటివ్. హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్. హెచ్‌ఐవీ, వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ పరీక్ష) రెండూ నాన్ రియాక్టివ్, అంటే ఆ జబ్బుల జాడ కనపడలేదు. మూత్రంలో షుగర్, ఆల్బుమిన్ నిల్. హిమోగ్లోబిన్ 9.4.

వాళ్లు లెక్కపెట్టిన మూడు నెగటివ్‌లూ మూడు వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులు. మొదటిది రక్తం గ్రూపు. ఎర్ర రక్తకణం పైపొర మీద ‘డి’ అనే పదార్థం ఉందా అని అడిగితే, ఈ అమ్మాయి కణాల మీద లేదు, దాన్నే ఆర్‌హెచ్ నెగటివ్ అంటాం. అది జబ్బు కాదు, లోపమూ కాదు. పుట్టుకతో వచ్చింది. పిల్లి కళ్లు ఉన్నవాళ్లు లేరా, అలాంటిదే. మన దేశంలో వందమందిలో సుమారు ఐదుగురు ఇలా ఉంటారు, యూరప్ వాళ్లలో పదిహేను మంది దాకా ఉంటారు.

రెండోది ఐసీటీ, అంటే ఇండైరెక్ట్ కూంబ్స్ టెస్ట్. 1945లో రాబిన్ కూంబ్స్, ఆయన తోటివాళ్లు కేంబ్రిడ్జిలో కనిపెట్టిన పద్ధతి ఇప్పటికీ మా బల్ల మీద రోజూ నడుస్తోంది. ఈ పరీక్ష అడిగే ప్రశ్న వేరు: నెగటివ్ గ్రూపు తల్లి ఒంట్లో, పాజిటివ్ కణాల మీద దాడి చేసే యాంటీబాడీలు ఇప్పటికే తయారయ్యాయా? తయారైతే కడుపులో బిడ్డ పాజిటివ్ అయినప్పుడు ఆ యాంటీబాడీలు మాయ దాటిపోయి బిడ్డ రక్తాన్ని విరగ్గొడతాయి. బిడ్డకు రక్తహీనత, పచ్చకామెర్లు, ఒళ్లంతా నీరు, ముదిరితే ప్రాణానికే ముప్పు. అమ్మాయి భర్తది ఓ పాజిటివ్ గ్రూపు. అమ్మాయికి ముందొక గర్భం పోయింది, గర్భం పోయినప్పుడు కూడా బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలవవచ్చు, అప్పుడు ఆ యాంటీబాడీలు తయారవకుండా వేసే యాంటీ-డి ఇంజెక్షనూ పడలేదు. ఇన్ని ఉన్నా ఐసీటీ నెగటివ్ వచ్చింది. ఆ కాగితం మొత్తంలో అంతకంటే మంచి వార్త ఇంకొకటి లేదు. అత్తమ్మ ఏడ్చింది ఆ వార్తకే.

మూడోది హెపటైటిస్ బి. వైరస్ జాడ ఉందా అంటే లేదు. ఇది ఎవరికైనా సంతోషమే.

ఒకే కాగితంలో ఒకే మాట మూడు చోట్ల. ఒక చోట పుట్టుక లక్షణం, జాగ్రత్త అడిగే లక్షణం. ఇంకో చోట గండం దాటిన కబురు. మూడో చోట జబ్బు లేదన్న భరోసా. ఆ రోజు నిజంగా ఆందోళన పడాల్సింది హిమోగ్లోబిన్ 9.4 గురించి, గర్భిణికి 11కు తగ్గితేనే రక్తహీనత అంటాం. ఆ అంకె గురించి ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. దాని పక్కన భయపెట్టే మాట ఏదీ లేదు మరి.

పాలు విరిగినట్టు

మామూలుగా బయటివాళ్లను లోపలికి రానివ్వం. ఆ రోజు అత్తమ్మను లోపలికి తీసుకుపోయాను. నోటితో ఎంత చెప్పినా ఆమెకు నా మాట మీద నమ్మకం కుదరలేదు. “మీరు ఓదార్చనీకి అట్ల చెప్తాండారు” అంది.

తెల్ల టైల్ మీద రెండు వరసలు పెట్టాను. ఒక వరసలో నా వేలి రక్తం, ఇంకో వరసలో ఆమె కోడలి శాంపిల్. గ్రూపు చూడటానికి మూడు చిన్న సీసాలు వాడతాం. నీలం రంగుది యాంటీ-ఎ, పసుపుది యాంటీ-బి, రంగు లేనిది యాంటీ-డి. ఒక్కో చుక్క వేసి పుల్లతో కలిపి టైల్‌ను అటూ ఇటూ ఊపితే, ఆ పదార్థం ఉన్న చోట రక్తం గింజలు గింజలుగా గుంపు కడుతుంది. లేని చోట నున్నగా అలాగే ఉంటుంది. నాది ఓ పాజిటివ్. నా వరసలో డి చుక్క గుంపు కట్టింది. కోడలి వరసలో ఎ చుక్క గుంపు కట్టింది, డి చుక్క నున్నగా ఉండిపోయింది.

అత్తమ్మ టైల్ మీదికి వంగి చూసింది. “పాలు విరిగినట్టు అయినాదే!” అంది.

పదహారేళ్లలో ఈ పరీక్షను ఇంత చక్కగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. “అంతేనమ్మా. ఇట్ల విరిగితే పాజిటివ్ అని రాస్తాం. విరగకుంటే నెగటివ్ అని రాస్తాం” అన్నాను.

పాజిటివ్, నెగటివ్ అనే మాటల పని ల్యాబులో ఇంతే. 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ రీసస్ కోతుల రక్తంతో చేసిన ప్రయోగాల వల్ల ఈ గ్రూపుకు ఆర్‌హెచ్ అనే పేరు నిలిచింది. గుంపు కట్టినవాళ్లు పాజిటివ్, కట్టనివాళ్లు నెగటివ్. అందులో ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అన్న మాటే లేదు. టైల్ మీద కంటికి కనిపించినదానికి పెట్టుకున్న గుర్తులు అవి.

అత్తమ్మ ముఖం విప్పారింది. “అయితే మా కోడలిది విరగల్యా. మంచిదే గదా! విరిగితే గదా పాలు పాడయ్యేది.”

నేను ఆ మాటను అక్కడే పట్టుకోవాల్సింది. విరగడం చెడ్డ అనే అర్థాన్ని ఆమె వంటింటి నుంచి తెచ్చుకుంది. నేను సవరించలేదు. ఏడుస్తూ వచ్చిన మనిషి నవ్వుతోంది, బయట ఇంకా ఏడెనిమిది మంది రిపోర్టుల కోసం నిలబడి ఉన్నారు. “అవునమ్మా, నెగటివ్ అంటే మంచిదే. ఏం భయపడొద్దండి” అని పంపించాను. హిమోగ్లోబిన్ తక్కువుంది, ఐరన్ మాత్రలు మానొద్దు అని కూడా చెప్పాను. అది వాళ్ల చెవికి ఎక్కినట్టు లేదు.

ముప్పయ్యో వారం

పదకొండు వారాల తర్వాత వాళ్లు మళ్లీ వచ్చారు, హిమోగ్లోబిన్ చూపించుకోవడానికి. పాత రిపోర్టు తీసి చూస్తే ఎ నెగటివ్ అని కనపడింది. ఊరికే పలకరింపుగా అడిగాను: “యాంటీ-డి ఇంజెక్షన్ వేయించుకున్నావామ్మా?”

అమ్మాయి భర్త వైపు చూసింది. అతను నా వైపు చూశాడు. “ఇరవై ఎనిమిదో వారానికి వేయించుకోమని డాక్టరమ్మ చెప్పినారు మేడమ్. నెగటివ్ గ్రూపు కాబట్టి అన్నారు. కానీ మీరే చెప్పినారు కదా, నెగటివ్ అంటే మంచిదని. మంచిదైతే సూదెందుకులే అనుకున్యాం. ఖరీదు గూడా వేలల్లో చెప్పినారు.”

నాకు కాళ్లలో సత్తువ పోయినట్టయింది. ఐసీటీకి చెల్లే ‘మంచిదే’ను నేను అన్నిటికీ కలిపి చెప్పాను, వాళ్లు దాన్ని గ్రూపుకూ తగిలించుకున్నారు. తప్పు వాళ్లది కాదు. రెండు చోట్లా ఒకే మాట అచ్చయి ఉంది, దానికి నేను ఒకే అర్థం చెప్పి పంపాను. డాక్టరమ్మ చెప్పిన సరైన సలహాను నా ఓదార్పు కొట్టేసింది.

వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. రెండు వారాలు ఆలస్యమైనా ఇప్పుడు వేసినా మేలే, ముందు ఐసీటీ మళ్లీ చేయండి అన్నారు. అప్పటికప్పుడు చేశాను. ఆమె సీరమ్‌లో ఓ పాజిటివ్ కణాలు కలిపి, 37 డిగ్రీల వేడిలో ఉంచి, మూడుసార్లు కడిగి, కూంబ్స్ రీఏజెంట్ వేసి చూసేదాకా నేను ఇంకో పని ముట్టుకోలేదు. గుంపు కట్టలేదు. నెగటివ్. అదే సాయంత్రం ఇంజెక్షన్ పడింది.

ఆ ఇంజెక్షన్ ఏం చేస్తుందో ఈసారి ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. పాజిటివ్ బిడ్డ కణాలు తల్లి రక్తంలోకి జారితే, తల్లి ఒళ్లు వాటిని ‘ఇవి నావి కావు’ అని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారు చేసుకోవడం మొదలుపెట్టకముందే, బయటి నుంచి కొద్దిగా ఇచ్చిన యాంటీబాడీ వాటిని తుడిచేస్తుంది. ఒకసారి ఒళ్లు నేర్చుకుంటే మరచిపోదు, అప్పుడు ఇంజెక్షన్ వేసినా లాభం లేదు. ఐసీటీ నెగటివ్‌గా ఉన్నప్పుడే ఇది పనికొస్తుంది. అంటే ఆ నెగటివ్ మంచిదని చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఆ మంచిని నిలబెట్టుకోవడానికే సూది.

ఈ మాటకు ఇన్ని అర్థాలు ఎక్కడివి

ఆ రాత్రి ఇంటికి పోయి చాలాసేపు ఈ మాట గురించే ఆలోచించాను. నెగటివ్ అనే విశేషణం లాటిన్‌లో ‘కాదనడం’ అనే క్రియ నుంచి పుట్టింది. మూలంలో అది ఒక ప్రశ్నకు జవాబు. మన పల్లెలకు మాత్రం అది జవాబుగా రాలేదు, గుణంగా వచ్చింది.

సినిమాలో విలన్ వేషాన్ని ‘నెగటివ్ రోల్’ అంటాం. సినిమా బాగాలేదంటే ‘నెగటివ్ టాక్’. ఇంట్లో గొడవలైతే ఆ ఇంట్లో ‘నెగటివ్ ఎనర్జీ’ ఉందని వీడియోల్లో చెప్తారు. నీట్ రాసే పిల్లలకు తప్పు జవాబుకు ఒక మార్కు కోసేస్తే అది ‘నెగటివ్ మార్కు’. ఎప్పుడూ ఏదో ఒక చెడు అనేవాడు ‘నెగటివ్ మనిషి’. ఇవన్నీ విని పెరిగిన చెవికి రిపోర్టులో ‘నెగటివ్’ అని కనిపిస్తే ఏం తోస్తుంది?

బడిలో లెక్కల మాస్టారు నేర్పిన తెలుగు మాట కూడా దీనికి తోడైంది. 7వ శతాబ్దంలో బ్రహ్మగుప్తుడు సున్నాకు అటూ ఇటూ ఉన్న సంఖ్యలను ధనం, ఋణం అన్నాడు, అంటే ఆస్తి, అప్పు. లెక్కలకు అది అద్భుతమైన పోలిక. మన పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ ధనాత్మకం, ఋణాత్మకం అనే రాస్తాయి. కానీ అప్పు అనే మాట రాయలసీమ రైతు ఇంట్లో ఎంత బరువైనదో నేను చెప్పనక్కరలేదు. రక్తం గ్రూపు పక్కన ‘ఋణాత్మకం’ అని రాస్తే ఆ బరువంతా ఆ అమ్మాయి నెత్తిన పడుతుంది. ‘ప్రతికూలం’ అన్న అనువాదం నాకు అంతకంటే ప్రమాదంగా కనిపిస్తుంది. ప్రతికూలం అంటే ఎదురు తిరిగినది. పరీక్ష ఫలితానికి అది పూర్తిగా తప్పు మాట.

ఒక్కసారి మాత్రం ఈ మాట మా ఊళ్లో తలకిందులైంది. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలోనే ఎక్కువ కరోనా కేసులు కర్నూలు జిల్లాలో ఉన్న రోజులవి. ‘నెగటివ్ వచ్చింది’ అంటే ఇంటిల్లిపాదీ దేవుడికి దండం పెట్టుకున్నారు. ‘పాజిటివ్’ అంటే వీధి మొత్తం తలుపులు మూసుకుంది. ఆ జ్ఞాపకం కూడా జనంలో ఉంది. కాబట్టి ఇప్పుడు ఈ మాటకు ఇద్దరు మనుషుల్లో రెండు వ్యతిరేక అర్థాలు పలుకుతాయి, ఒక్కోసారి ఒకే మనిషిలో రెండూ పలుకుతాయి. అత్తమ్మకు ఆ ఒక్క సాయంత్రమే ముందు ఒకటి, తర్వాత ఒకటి పలికినట్టు.

తెలుగుకు ఈ చిక్కు అసలు లేదు. మనకు కాదు వేరు, లేదు వేరు, వద్దు వేరు, కూడదు వేరు. ఇంగ్లీషువాళ్ల నెగటివ్ ఇవన్నిటినీ ఒకే సంచిలో వేసుకుంటుంది. ల్యాబు రిపోర్టులో నెగటివ్‌కు సరిపోయే తెలుగు మాట ఒక్కటే: ‘లేదు’. కానీ లేదు అనేది ఒంటరిగా నిలబడదు. ‘ఏం లేదు?’ అని తెలుగు మనిషి వెంటనే అడుగుతాడు. నాకు కావాల్సింది ఆ ప్రశ్నే.

రిపోర్టులో మార్చింది

మరుసటి వారం మా ల్యాబు డాక్టరు గారితో మాట్లాడి, గర్భిణుల రిపోర్టులో ప్రతి నెగటివ్, పాజిటివ్ కింద ఒక తెలుగు వాక్యం పెట్టడం మొదలుపెట్టాం. మొదటి చిత్తులో నేను ‘నెగటివ్: మంచిది’ అని ఒక గడి పెట్టాను. ఆయన దాన్ని కొట్టేసి, రుబెల్లా ఐజీజీ నెగటివ్ వస్తే ఏం రాస్తావు అని అడిగారు. రుబెల్లా ఐజీజీ నెగటివ్ అంటే ఆ జబ్బు నుంచి ఆమెకు రక్షణ లేదని అర్థం. గర్భిణికి అది మంచి వార్త కాదు. నేను అదే తప్పును ఈసారి ప్రింటింగులో చేయబోయాను.

కాబట్టి మంచి, చెడ్డ అనే మాటలు పూర్తిగా తీసేశాం. వాక్యం ఎప్పుడూ ‘ఉంది’ లేదా ‘లేదు’తో ముగుస్తుంది, ఏది ఉందో ఏది లేదో దాని పేరు ముందుంటుంది. గ్రూపు కింద ఇలా వస్తుంది: “మీ ఎర్రకణాల మీద డి పదార్థం లేదు. ఇది జబ్బు కాదు. భర్త రక్తం గ్రూపు చూపించుకోండి, ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి.” ఐసీటీ కింద: “పాజిటివ్ రక్తం మీద దాడి చేసే యాంటీబాడీలు మీ రక్తంలో ఈ రోజు లేవు.” ‘ఈ రోజు’ అన్న మాట నేను పట్టుబట్టి పెట్టించాను. గ్రూపు నెగటివ్ జన్మంతా మారదు. ఐసీటీ నెగటివ్ రేపు మారవచ్చు. ఒకే మాట కింద ఇంత తేడా దాగి ఉంది.

మా సాఫ్ట్‌వేర్‌లో తెలుగు సరిగ్గా పడదు. ఒత్తులు చెదిరిపోతాయి. కొన్నాళ్లు నీలం పెన్నుతో చేత్తోనే రాశాను, తర్వాత రబ్బరు స్టాంపులు చేయించాం.

ముప్పై నాలుగో వారం

ఇక్కడితో కేసు తేలిపోయిందనుకున్నాను. తేలలేదు.

అమ్మాయి పుట్టిల్లు ఆదోని దగ్గర. శ్రీమంతానికి అక్కడికి పోయినప్పుడు కాస్త నీరసంగా ఉందని వేరే ల్యాబులో పరీక్షలన్నీ మళ్లీ చేయించారు. ఇంజెక్షన్ పడిన సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. మధ్యాహ్నం అత్తమ్మ ఫోన్ చేసింది, గొంతులో సంబరం: “అమ్మా, ఈసారి ఐసీటీ పాజిటివ్ వచ్చినాదంట! మీరు ఏయించిన సూది పనిచేసినాది. మా కోడలు పాజిటివ్ అయిపోయింది!”

ఆమె మాటలో సగం నిజం ఉంది. ఆ పాజిటివ్‌కు కారణం సూదే. కానీ ఆమె అనుకున్నట్టు రక్తం గ్రూపు మారలేదు. ఇంజెక్షన్‌లో మేం ఇచ్చిందే యాంటీ-డి యాంటీబాడీ. అది కొన్ని వారాల పాటు తల్లి రక్తంలో తిరుగుతూ ఉంటుంది. ఆ సమయంలో ఐసీటీ చేస్తే, మనం ఇచ్చినదే మనకు కనిపించి పరీక్ష బలహీనంగా పాజిటివ్ చూపవచ్చు. ఒళ్లు స్వయంగా తయారు చేసుకున్నదా, సూదితో వెళ్లినదా అన్నది ఆ ఒక్క మాట చెప్పదు. ఇంజెక్షన్ తేదీ, అంతకు ముందు చేసిన ఐసీటీ, యాంటీబాడీ మోతాదు ఎంత ఉందో చూసే టైటర్, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని డాక్టరు తేల్చాలి.

నేను ఈసారి మంచిది అనలేదు, చెడ్డది అనలేదు. కాగితం తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి రేపే రమ్మన్నాను. వాళ్లు వచ్చారు. టైటర్ చాలా తక్కువ వచ్చింది. ముప్పయ్యో వారంలో ఇంజెక్షన్‌కు ముందు నేను చేసిన ఐసీటీ నెగటివ్ కాగితం ఫైల్లో ఉంది కాబట్టి, ఇది సూదితో వచ్చినదే అని డాక్టరమ్మ అన్నారు. స్కానింగ్‌లో బిడ్డ బాగుంది. ఆలస్యంగానైనా ఆ రోజు ఐసీటీ చేసి పెట్టుకోవడం ఎంత మేలు చేసిందో అప్పుడు తెలిసింది. అది లేకపోతే ఈ పాజిటివ్ ఏ పాజిటివ్వో తేల్చుకోవడానికి ఆ కుటుంబం ఇంకెన్ని రోజులు నిద్ర లేకుండా గడిపేదో.

అత్తమ్మ అంతా విని, కాసేపు ఊరుకుని అంది: “అంటే ఈ మాట ఒక్కో తావున ఒక్కో రకంగా పలుకుతాదన్నమాట. మా ఊళ్లో వాన లాగ. విత్తనం ఏసినంక పడితే బంగారం, చెనిక్కాయ పీకి ఆరబెట్టినంక పడితే శని.”

ఆ పోలికను నేను ఇప్పటికీ కొత్తగా చేరే పిల్లలకు చెప్తున్నాను. పాలు విరగడం కంటే ఇది మేలు. పాలు విరగడంలో మంచీ చెడూ ముందే తేలిపోయి ఉంటాయి. వానలో తేలవు, ఎప్పుడు పడిందో అడగాలి.

కాన్పు

ముప్పై తొమ్మిదో వారంలో కర్నూలు పెద్దాసుపత్రిలో కాన్పు అయింది. మామూలు కాన్పు, ఆడపిల్ల. బొడ్డుతాడు నుంచి తీసిన రక్తంలో పాప గ్రూపు ఎ పాజిటివ్. కాన్పయ్యాక 72 గంటల లోపల పడాల్సిన రెండో యాంటీ-డి మరుసటి రోజే పడింది. ఈసారి ఎవరూ గుర్తు చేయలేదు. అత్తమ్మే నర్సుల వెంటపడి వేయించిందట.

మూడో రోజు రాత్రి నా ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది, పాప రిపోర్టు. పంపింది ఆ అమ్మాయి. ఇన్ని నెలల్లో తనంతట తాను నాతో ఒక్క ప్రశ్న కూడా వేయని పిల్ల. కింద తెలుగులో టైపు చేసి ఉంది: “మేడమ్, పాపకు డీసీటీ నెగటివ్ అని ఉంది. అది దేనికి?”

“నీ రక్తంలోని యాంటీబాడీలు పాప ఎర్రకణాలకు అంటుకుని ఉన్నాయా అని చూశారమ్మా. అంటుకుని లేవు” అని రాసి పంపాను.

రెండు నిమిషాలకు ఇంకో ఫోటో వచ్చింది, ఈసారి తన రిపోర్టు. ఒక గీత కింద వేలు పెట్టి తీసింది. “నా హిమోగ్లోబిన్ 10.8 అని ఉంది. పక్కన ఏమీ రాయలేదు. ఇది చాలా, ఇంకా మాత్రలు మింగాలా?”